1978 బుల్లెట్ 350: వేడెక్కితే స్టార్ట్ కావడం లేదు. అసలు రూపానికి తేవాలా, మార్పులు చేయించాలా?

గౌతమి_తీరం
మా మేనమామ నడిపిన 1978 నాటి బుల్లెట్ 350 నా చేతికి వచ్చింది. 6 వోల్టుల బండి, కుడివైపు గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (కలిసి విడిపోయే రెండు లోహపు ముక్కలతో స్పార్కు పుట్టించే పాత పద్ధతి). చాలా ఏళ్లు రైసుమిల్లు షెడ్డులో ఊక బస్తాల వెనక ఉండిపోయింది. మా ఊరి మెకానిక్ ట్యాంకు, కార్బురేటర్ కడిగి, పాయింట్లు గీకి, ఇంజన్ ఆయిల్ మార్చి లేపాడు. చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు కిక్కులకే అందుకుంటుంది. వంతెన దాటి కొవ్వూరు వెళ్లి టీ కోసం ఆపానంటే అంతే సంగతులు. అరగంట చల్లారితే గాని పలకదు. పైగా అప్పుడప్పుడు కిక్కు వెనక్కి తంతోంది. మొన్న మడమ వాచి రెండు రోజులు కుంటుతూ నడిచాను.

పాత బండ్లు బాగు చేసే ఒకాయనకు చూపిస్తే పెద్ద చిట్టా రాసిచ్చాడు. ఇంజన్ మొత్తం విప్పడం, 12 వోల్టులకు మార్చడం, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, సెల్ఫ్ స్టార్ట్, ముందు డిస్క్ బ్రేకు, అల్లాయ్ చక్రాలు, ఒళ్లంతా మ్యాట్ నలుపు రంగు. అన్నీ కలిపి లక్షా నలభై వేలు అన్నాడు.

ఇంతకీ వేడి మీద మొండికేయడానికి కారణం ఏమిటి? ఈ చిట్టాలో దేనికి ఒప్పుకోవాలి, దేనికి వద్దనాలి? బండి బొమ్మలా నిలబెట్టడానికి కాదు, నేను తిరగాలి.

కుడిగేరు
మ్యాట్ నలుపా! ఆ చిట్టాలో ఉన్నవన్నీ కావాలంటే షోరూముకు వెళ్లి కొత్త బండి తెచ్చుకోండి, దానికి అన్నీ ఉంటాయి. దీన్ని నాకు ఇచ్చేయండి.

ఎజ్డీ_ఏకాంబరం
టూ స్ట్రోక్ ఎజ్డీ బండి కొనుక్కోండి. ఒక్క కిక్కు. మడమ క్షేమం.

పాలకేంద్రం_పైడయ్య
ఏకాంబరం గారు ఎక్కడ బుల్లెట్ మాట వినబడినా ముందే వచ్చి కూర్చుంటారు. ఎజ్డీ మా వీధిలోంచి పోయాక ఆ పొగకు మూడు రోజులు దోమలు రావు, ఆ మేలు మాత్రం ఒప్పుకుంటాను.

లేత్_మాస్టారు
చిట్టా కాసేపు మడిచి జేబులో పెట్టుకోండి. చల్లగా ఉంటే పలికి, వేడెక్కితే పలకని పాయింట్ల బండిలో నా మొదటి అనుమానం కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పు రేగకుండా చూసే చిన్న డబ్బా) మీద, రెండోది ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు పెద్ద వోల్టేజి ఇచ్చేది) మీద. రెండూ వేడికి లోపల తెగి, చల్లారితే మళ్లీ అతుక్కునే రకాలే. ఈ పరీక్షకు ఇంజన్ విప్పనక్కర లేదు.

బండి బాగా వేడెక్కి మొండికేసినప్పుడే చూడాలి. పాయింట్ల డబ్బా మూత తీసి, నీడపట్టున ఎవరి చేతనైనా కిక్కు కొట్టించండి. పాయింట్లు విడిపోయే చోట సన్నని నిప్పు కనబడితే ఫరవాలేదు. నీలంగా, లావుగా చిటపటలాడితే కండెన్సర్ పని అయిపోయినట్టే. పాయింట్ల ముఖం ఒకవైపు గుంట పడి, రెండో వైపు మొటిమ లేచినా అదే సంకేతం. అలాంటి వాటిని గీకి ప్రయోజనం లేదు, మళ్లీ సమంగా కూర్చోవు. పాయింట్లు, కండెన్సర్ జతగా కొత్తవి వేయండి. ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ. లోపు ఉండాలి. ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే సన్న రేకులు) పెట్టి చూడండి. కొందరు మెకానిక్‌లు పెళ్లి శుభలేఖ ముక్క పెట్టి కొలుస్తారు, దాన్ని నమ్మకండి.

కిక్కు వెనక్కి తన్నడం వేరే జబ్బు. పాయింట్ల కింద ఆటో అడ్వాన్స్ యూనిట్ ఉంటుంది. రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఇంజన్ వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతాయి, ఆగితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. షెడ్డులో పడి ఉన్న బండిలో ఆ పిన్నులకు తుప్పు పట్టి బరువులు విచ్చుకునే ఉండిపోతాయి. అప్పుడు మీరు మెల్లగా కిక్కు కొట్టినా స్పార్కు వేగంలో పడాల్సినంత ముందుగా పడుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుని దాన్ని వెనక్కి తోస్తుంది. మీ మడమ కథ అదే అయి ఉండాలి. యూనిట్ తీసి కిరోసిన్‌లో నానబెట్టి, పిన్నుకు చుక్క నూనె వేసి, వేలితో తెరిస్తే తనంతట తాను మూసుకునేలా చేయండి. స్ప్రింగులు సాగిపోయి ఉంటే మార్చండి. తర్వాత టైమింగ్. బరువులు పూర్తిగా మూసి ఉండగా, పిస్టన్ కంప్రెషన్ మీద పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి సన్నగా లాగుతూ ఉండండి, అది జారిన క్షణమే విడిపోయిన క్షణం.

ఇదంతా అయ్యాక కూడా వేడి మీద పలకకపోతే కాయిల్ మార్చి చూడండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

కొత్తబండి_కిరణ్
ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే పాయింట్లూ ఉండవు, కండెన్సరూ ఉండదు కదా మాస్టారూ? ఎందుకీ తంటా?

అరకు_సుజాత
కిరణ్, ఆ ఎలక్ట్రానిక్ పెట్టె పోయిన రోజు ఏం చేస్తావు? మా బృందంలో ఒకరి బుల్లెట్‌కు అనంతగిరి ఘాట్ మీద అదే జరిగింది. కొబ్బరికాయలు తెచ్చిన ఆటోలో బండిని ఎస్.కోట దాకా దించుకున్నారు. పాయింట్లు చెడితే గోళ్ల ఆకురాయితోనైనా ఇంటికి చేరొచ్చు. నా సీటు కింద ఎప్పుడూ ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్, ఒక ప్లగ్గు, ఒక క్లచ్ వైరు ఉంటాయి.

కాని 12 వోల్టుల విషయంలో గౌతమి_తీరం గారి చిట్టా రాసినాయన వైపే నేను. 6 వోల్టుల హెడ్‌లైటుతో పొగమంచులో అరకు రోడ్డు ఎక్కి చూడండి. లాంతరు పట్టుకుని నడిచినట్టు ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ వాడికి మనం ఉన్నామనే సంగతే తెలియదు. బండి అందం తర్వాత, ముందు మనం కనబడాలి కదా.

కుడిగేరు
సుజాత గారూ, 6 వోల్టుల తప్పు కాదది. నలభై ఏళ్ల నాటి తుప్పు పట్టిన వైర్లు, వదులైన ఎర్త్, మసకబారిన రిఫ్లెక్టర్. వోల్టేజి సగమైతే అదే వెలుగుకు కరెంటు రెట్టింపు కావాలి. ప్రతి తుప్పు కీలు దగ్గరా వోల్టు పోతూ ఉంటే బల్బుకు ఏం మిగులుతుంది? కొత్త వైరింగ్, ఫ్రేముకు శుభ్రమైన ఎర్త్, కొత్త రిఫ్లెక్టర్ వేస్తే 6 వోల్టులతోనూ ఊళ్లో రాత్రి తిరగొచ్చు. నేను తిరుగుతున్నాను.

అరకు_సుజాత
ఊళ్లో తిరగొచ్చు, నిజమే. నేను చెప్పింది ఘాట్ గురించి. గోదావరి గట్టు మీద వీధిదీపాలు ఉంటాయి, మాకు లేవు.

పాలకేంద్రం_పైడయ్య
ఈ వాదన నేను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి వింటున్నాను. మా నాన్న 6 వోల్టుల బండి మీద తెల్లవారుజామున మూడున్నరకు పాల క్యాన్లు వేసుకుని వెళ్లేవాడు. లైటు వల్ల కాదు, ఆ చప్పుడు విని అందరూ పక్కకు తప్పుకునేవారు.

రాణీగంజ్_రఫీ
మాస్టారు చెప్పిన దాంట్లో ఒక్క మాట కలుపుతాను. కండెన్సర్లు ఇప్పుడు కొత్త డబ్బాలో వచ్చినవి కూడా కొన్ని పుట్టుకతోనే చచ్చి ఉంటున్నాయి. రెండు కొనండి. ఒకటి వేయండి, రెండోది దగ్గర పెట్టుకోండి. పాయింట్ల చివర ఉండే ఫైబర్ మడమ గట్టిగా ఉందో లేదో గోటితో గీరి చూడండి. మెత్తటి రకం అయితే కామ్ (పాయింట్లను తెరిచే తిరుగుడు గుబ్బ) మీద వారం తిరిగేసరికి అరిగి ఖాళీ మూసుకుపోతుంది. కామ్ మీద చిటికెడు గ్రీజు తప్పనిసరి, ఎక్కువైతే పాయింట్ల మీద చిమ్ముతుంది.

ఇక అసలు సంగతి. ఆ లక్షా నలభై వేల ఆయనకు బండి ఇస్తే గనక ముందే కాగితం మీద రాయించుకోండి: విప్పిన ప్రతి పాత సామాను గోనెసంచిలో వేసి మీకు తిరిగి ఇవ్వాలి. పాత కార్బురేటర్, అమ్మీటరు (కరెంటు చూపే మీటరు), హెడ్‌లైటు పక్కన ఉండే రెండు చిన్న లైట్లు, పనిముట్ల డబ్బా మూతలు, ట్యాంకు మూత, ముందు చక్రం హబ్బు. మీరు ‘పాత ఇనుము’ అని వదిలేసింది ఆరు నెలల్లో ఇంకెవరి బండి మీదో కనబడుతుంది, రేటు విని మీరే కళ్లు తేలేస్తారు. ఈ వ్యాపారంలో లాభం కూలిలో కన్నా అక్కడే ఎక్కువ.

కుడిగేరు
రఫీ గారికి దండం. ఈ మాట బజారులో ఎవరూ చెప్పరు.

గౌతమి_తీరం
ఆయన నిజంగానే ‘పాత సామాను మేమే తీసేస్తాం, మీకెందుకు శ్రమ’ అన్నాడు. నేను మంచితనం అనుకున్నాను.

ఎజ్డీ_ఏకాంబరం
ఎజ్డీకి ఈ బెడదలు ఉండవు. విప్పడానికి వాల్వులు లేవు, ట్యాపెట్లు లేవు, ఇంజన్ ఆయిల్ పంపు లేదు. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిల్, అంతే. కిక్కు రాడ్డే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరు రాడ్డు అవుతుంది. మైసూరులో 1961 నుంచి మొదట జావా పేరుతో, తర్వాత ఎజ్డీగా 1996 దాకా తయారైన బండి, ఇప్పటికీ పొలం గట్ల మీద తిరుగుతోంది.

కొత్తబండి_కిరణ్
ఏకాంబరం గారూ, అది కూడా సింగిల్ సిలిండరే కదా, మరి రెండు సైలెన్సర్లు ఎందుకు?

ఎజ్డీ_ఏకాంబరం
ఒక సిలిండర్‌కు రెండు ఎగ్జాస్ట్ దారులు. ఇలాంటి ప్రశ్నలు అడిగే పిల్లలంటే నాకు ఇష్టం. బుల్లెట్ వాళ్ల చర్చలో పాడవకు, ఇటు రా.

దస్త్రాల_దాసు
ఇంజన్ గురించి నాకు తెలియదు గాని, రవాణా కార్యాలయం కాగితాలతో జీవితం గడిపినవాణ్ణి. గౌతమి_తీరం గారూ, ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? మేనమామ గారు ఉన్నారా? ఉంటే బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఇప్పుడే తీసుకోండి. కాలం చేసి ఉంటే ఫారం 31, దానితో వారసుల కాగితాలు. పాత బండ్ల యజమానులు దీన్ని వాయిదా వేస్తూ పోతారు. చివరికి సంతకం పెట్టాల్సిన మనిషి ఉండడు, ఉన్న వారసుల మధ్య మాటలుండవు.

బండికి 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అది ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోండి. తనిఖీ అధికారి మొదట చూసేది ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయా అని. అందుకే రంగు వేసేవాడికి గట్టిగా చెప్పండి, నంబరు మీద పుట్టీ పూయవద్దని, రుద్దవద్దని. అంకె ఒకటి అరిగిపోతే తర్వాత మీరు ఎంత నిజాయితీపరులైనా వివరణ ఇచ్చుకుంటూ తిరగాలి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఆ మ్యాట్ నలుపు గురించి అడిగారు కాబట్టి చెప్పాను.

గౌతమి_తీరం
మామయ్య ఉన్నారు, భేషుగ్గా ఉన్నారు. మోకాళ్ల వల్ల కిక్కు కొట్టలేక ఇచ్చారు. రంగు సంగతి వింటే ఆయనే వెనక్కి తీసుకునేలా ఉన్నారు. వింటేజ్ నంబరు అని ఏదో వచ్చింది కదా దాసు గారూ, అది దీనికి వస్తుందా?

దస్త్రాల_దాసు
2021లో కేంద్ర నిబంధనల్లో అది చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీది 1978 కాబట్టి 2028 దాకా ఆగాలి. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత పొడిగింపుకు 5,000. కాని రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఛాసిస్, ఇంజన్ గణనీయంగా మార్చి ఉండకూడదు. రెండు, వింటేజ్ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, అంతవరకే. మీరు తిరగాలి అన్నారు కాబట్టి మామూలు పొడిగింపే మేలు.

కుడిగేరు
అంటే ఇప్పుడు డిస్క్ బ్రేకు కోసం ఫోర్కులు మార్చేస్తే, ఎప్పుడైనా వింటేజ్ కావాలనుకున్నప్పుడు ఆ తలుపు కూడా మూసుకుపోవచ్చు. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే. బోల్టు విప్పి వెనక్కి మార్చుకోగలిగింది ఏదైనా చేయండి. కోసేది, వెల్డింగ్ చేసేది, రంధ్రం పెట్టేది వద్దు.

అరకు_సుజాత
ఈ గీత దగ్గర మీతో చేయి కలుపుతాను. ఆ లెక్కన 12 వోల్టులు కూడా వెనక్కి మార్చుకోగలిగిందే. స్టేటర్, రెక్టిఫయర్, బ్యాటరీ, కాయిల్, బల్బులు, హారను. పాతవి మూట కట్టి అటకెక్కించడమే.

కుడిగేరు
సరే, ఓడిపోయాను అనను గాని వాదించను.

సొలిహల్_సుబ్బు
ఇంగ్లండులో ఉంటున్నాను. మా ఇంటికి రెడ్డిచ్ దగ్గరే, రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిల్లు. బుల్లెట్ అనే పేరు 1932 నుంచి ఉంది. ఇప్పుడు మీ అందరి దగ్గర ఉన్న రూపం 1940ల చివర వచ్చింది, వెనక స్వింగింగ్ ఆర్మ్, ముందు టెలిస్కోపిక్ ఫోర్కులతో. మన సైన్యం సరిహద్దు గస్తీకి 800 బండ్లు కావాలన్నాక 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారు. మొదట భాగాలు తెచ్చి బిగించేవారు, 1962 నాటికి బండి మొత్తం అక్కడే తయారైంది. ఇక్కడ రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసు బుల్లెట్ మాత్రం 1977 నుంచి తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది. ఇక్కడి ముసలివాళ్లు దాన్ని కొత్తగా కొనుక్కోగలిగిన పాత బండి అంటారు.

దాసు గారూ, ఇక్కడ 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు, ఏటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు. నిబంధన వింటే మీరు బాధపడతారు.

దస్త్రాల_దాసు
బాధ కాదు బాబూ, ఉద్యోగాలు పోతాయి.

గౌతమి_తీరం
సమాచారం: మాస్టారు చెప్పినట్టే చేశాం. పాయింట్ల దగ్గర నీలం నిప్పు దూరం నుంచే కనబడింది. అడ్వాన్స్ యూనిట్‌లో ఒక బరువు పూర్తిగా బిగుసుకుని ఉంది, రెండోది సగం కదులుతోంది. కొత్త పాయింట్లు, కండెన్సర్ వేసి, యూనిట్ నానబెట్టి శుభ్రం చేసి, టైమింగ్ పెట్టాం. నిడదవోలు దాకా ఎండలో వెళ్లి, ఆపి, వెంటనే కొడితే రెండో కిక్కుకు పలికింది. వెనక్కి తన్నడం ఆగిపోయింది. అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కాలేదు.

ఇప్పుడు కొత్త భయం. నాలుగు రోజులు కదపకుండా ఉంచి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లగా, నీలంగా పొగ కమ్మేస్తోంది. ఇంజన్ లోపలి గాలి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి ఆయిల్ చిమ్ముతోంది. ఐదు నిమిషాలకు అంతా సర్దుకుంటుంది. బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయిందని, పిస్టన్ మార్చాలని మా మెకానిక్ అంటున్నాడు.

పాలకేంద్రం_పైడయ్య
రెండో కిక్కుకు పలికిందంటే కొట్టే పద్ధతి ఇంకా కుదరలేదన్నమాట. అమ్మీటరు ముల్లు చూసి కొడుతున్నారా? తాళం వేసి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు డిశ్చార్జి వైపు వాలుతుంది. పాయింట్లు విడిపోగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి, ఎడమచేత్తో డీకంప్రెసర్ లీవరు (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసేది) లాగి, కిక్కును ఇంకొంచెం కిందికి జార్చి, లీవరు వదిలేసి, రాడ్డును పూర్తిగా పైకి రానివ్వండి. ఇప్పుడు ఒక్క నిండు కిక్కు. కండబలం అక్కర లేదు. మా అమ్మ చీర కుచ్చిళ్లు దోపి కొట్టేది, మా నాన్న పాలు కొలిచేలోపు బండి సిద్ధం.

కొత్తబండి_కిరణ్
నేను మా తాతయ్య బండి మొదటిసారి నడిపినప్పుడు బ్రేకు అనుకుని కుడికాలితో గేరు తొక్కాను. స్పీడు తగ్గడానికి బదులు ఇంజన్ అరిచింది. మా ఇంటి గేటుకు ఆ గుర్తు ఇంకా ఉంది.

కుడిగేరు
ఒకటి పైకి, మిగిలిన మూడు కిందికి. బ్రేకు ఎడమ. వారం అలవాటు చేసుకుంటే మళ్లీ కొత్త బండి ఎక్కినప్పుడు ఇబ్బంది, అదొక్కటే. గేరు రాడ్డు పక్కన ఉన్న చిన్న లీవరు చూశావా? మొదటి గేరు తప్ప ఏ గేరులో ఉన్నా మడమతో నొక్కితే నేరుగా న్యూట్రల్. సిగ్నల్ దగ్గర దాని విలువ తెలుస్తుంది.

లేత్_మాస్టారు
బోరు విప్పనివ్వకండి! అసలు జబ్బు బోరులో ఉంటే పొగ ఐదు నిమిషాలకు ఆగదు, దారి పొడుగునా వస్తుంది. బుల్లెట్‌కు విడిగా ఆయిల్ ట్యాంకు ఉండదు, క్రాంక్‌కేసు (ఇంజన్ కింది పెట్టె) పోతలోనే ఆయిల్‌కు ఒక అర ఉంటుంది. బండి నిలిచిపోయినప్పుడు అరిగిన ఫీడ్ పంపు అంచుల గుండా ఆయిల్ మెల్లగా క్రాంకు ఉన్న గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే ఫ్లైవీల్ దాన్ని చిలికి రింగుల మీదికి, బ్రీదర్‌లోకి తోస్తుంది. రిటర్న్ పంపు అదంతా లాగేసి ఆయిల్ అరలోకి పంపాక సర్దుకుంటుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా ఇవే.

తేల్చుకోవడం సులభం. నాలుగు రోజులు ఆపాక, స్టార్ట్ చేయకముందే క్రాంక్‌కేసు కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి చూడండి. గ్లాసులకు గ్లాసులు వస్తే ఇదే సంగతి. పంపులను వాటి గూళ్లలో సన్నని రుబ్బుడు పేస్టు వేసి చేత్తో తిప్పుతూ కూర్చోబెడితే కారడం బాగా తగ్గుతుంది. పని అయ్యాక ఆ పేస్టు రేణువు కూడా మిగలకుండా కడగాలి, లేకపోతే ఇంజన్‌నే రుబ్బేస్తుంది. చాలామంది ఇది కూడా చేయరు, వారానికి రెండుసార్లు నడుపుతారు, సమస్యే రాదు.

టైమింగ్ కవరు (ఇంజన్ కుడివైపు మూత) విప్పినప్పుడు అక్కడ క్విల్ బోల్టు దగ్గర ఉండే సీలు కొత్తది వేయించండి. బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే కీలుకు) ఆయిల్ వెళ్లే దారి అదే. మీ కాలపు 350లో బిగ్ ఎండ్‌కు సాధారణంగా రోలర్లు ఉండవు, తేలే బుష్ ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి తగ్గితే మొదట పోయేది అదే. ఫిల్టర్ మార్చండి, 20డబ్ల్యూ50 వాడండి. ఇంజన్ నడుస్తుండగా రాకర్లకు వెళ్లే సన్న గొట్టం బాంజో బోల్టు అర మర వదులు చేస్తే ఆయిల్ ఊరాలి. ఊరితే పంపు పనిచేస్తున్నట్టు.

రాణీగంజ్_రఫీ
బోరు కొట్టించే రోజు ఎప్పుడైనా వస్తే, పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ దగ్గరికి తీసుకెళ్లి, దాని కొలతకు బోరు కొట్టించండి. చాలామంది తిరగేసి చేస్తారు. బోరు కొట్టాక పిస్టన్ వెతుకుతారు.

లేత్_మాస్టారు
రఫీ, నా తిండి పోగొట్టేలా ఉన్నావు. ఆ తిరగేసిన వాళ్లే నా దగ్గరికి రెండోసారి వస్తారు.

సొలిహల్_సుబ్బు
పెట్రోలు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ 2021 నుంచి పది శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అప్పటి నుంచి పాత బండ్ల పైపులు పగులుతున్నాయి. మీ దగ్గర ఇరవై శాతం అని విన్నాను.

అరకు_సుజాత
అవును, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం కలిపినదే. పాత రబ్బరు పైపు లోపల జిగురుగా కరిగి జెట్లలో చేరుతుంది, నేను రెండు పైపులు మార్చాను. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే అడుగున నీరు చేరి తుప్పు మొదలవుతుంది. నా పద్ధతి: ఇంటికి అర కిలోమీటరు దూరంలో పెట్రోలు ట్యాపు మూసేస్తాను, కార్బురేటర్ ఫ్లోట్ గదిలో ఉన్నదంతా కాలి ఇంటి ముందు ఆగిపోతుంది. ఒక్కోసారి లెక్క తప్పి మలుపు దగ్గరే ఆగుతుంది, పక్కింటి పిల్లలు తోస్తారు.

కొత్తబండి_కిరణ్
100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఇంజన్ బాగా లాగుతుందని మా స్నేహితులు అంటున్నారు.

లేత్_మాస్టారు
ఆ పోత ఇనుము ఇంజన్ కంప్రెషన్ ఎంత తక్కువో చూస్తే ఆ మాట అనరు. ఆక్టేన్ ఎక్కువైనంత మాత్రాన బలం రాదు. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు. ఆ పొడుగు స్ట్రోకు వల్ల కింది వేగంలోనే బలం ఉంటుంది. 60 మీద ఉంచి నడపండి, రోజంతా పోతుంది. 90 మీద అరగంట తోలితే పిస్టన్ పట్టేస్తుంది. ఆ డబ్బుతో మంచి ఇంజన్ ఆయిల్ కొనండి.

గౌతమి_తీరం
డ్రెయిన్ ప్లగ్గు విప్పితే నిజంగానే గ్లాసులకు గ్లాసులు వచ్చింది. బోరు విప్పడం లేదు. ట్యాంకు లోపల మాత్రం ఎర్రగా తుప్పు ఉంది, ఫిల్టర్ తరచూ మూసుకుపోతోంది. యాసిడ్ పోయమంటున్నారు. మామయ్య కాలపు రంగు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు పోకుండా లోపల శుభ్రం చేయగలనా?

కుడిగేరు
ఆ గీతలు ఉన్నాయా! వాటి జోలికి మాత్రం పోకండి. మద్రాసు ఫ్యాక్టరీలో కుంచెతో ఒక్క విసురులో గీసేవారు. కొత్తగా గీయించుకోవచ్చు గాని అవి 1978వి కావు. రంగు వెలిసినా ఫరవాలేదు. మైనం పూసి తుడవండి.

యాసిడ్ పోస్తే మూత అంచు నుంచి ఒక్క బొట్టు జారినా రంగు ఊడుతుంది. కరెంటు పద్ధతి చేయండి. ట్యాపు తీసి రంధ్రం బిగించి, ట్యాంకు నిండా నీళ్లు, అందులో బట్టల సోడా కలపండి. మూత రంధ్రంలోంచి ఇనుప ఊచ దించాలి. అది ట్యాంకుకు ఎక్కడా తగలకూడదు, రబ్బరు బిరడాతో నిలబెట్టండి. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ ట్యాంకుకు, పాజిటివ్ ఊచకు. మారిస్తే ట్యాంకు కరిగిపోతుంది, రెండుసార్లు చూసుకోండి. స్టెయిన్‌లెస్ ఊచ వాడకండి, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట, బీడీలు తాగేవారికి దూరంగా. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ట్యాంకు కడిగాకే మొదలుపెట్టాలి. మర్నాటికి తుప్పు నల్లటి బురదగా వదులుతుంది. కడిగి వెంటనే ఆరబెట్టి పెట్రోలు పోయండి, తడిగా వదిలితే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది.

పాలకేంద్రం_పైడయ్య
పైడయ్య బీడీ మానేశాడు, నన్ను చూసి ఎవరూ భయపడనక్కర లేదు.

అరకు_సుజాత
గౌతమి_తీరం గారూ, మీ చిట్టాలో మిగిలినవి: డిస్క్ బ్రేకు వద్దు. ముందు డ్రమ్ము లేత్ మీద చెక్కించి, కొత్త లైనింగ్ డ్రమ్ము గుండ్రానికి సరిపోయేలా రుద్దించండి, ఇప్పుడున్న దానికన్నా బాగా ఆగుతుంది. అయినా ముందు బండికి వదలాల్సిన దూరం రెట్టింపు పెట్టుకోండి. సెల్ఫ్ స్టార్ట్ మీ మోకాళ్లను అడిగి నిర్ణయించుకోండి.

గౌతమి_తీరం
నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. 12 వోల్టులు వేయిస్తాను, పాత సామాను దాచిపెడతాను. మిగిలిన చిట్టా రద్దు. ఫారాల మీద మామయ్య సంతకాలు అయ్యాయి దాసు గారూ.

దస్త్రాల_దాసు
సంతోషం. ఫోటోకాపీలు మూడు తీయించండి, రెండు అని చెబుతారు.

రాణీగంజ్_రఫీ
12 వోల్టులకు మారాక మీ 6 వోల్టుల హారను పనిచేస్తుంటే, అమ్మే ఆలోచన ఉంటే చెప్పండి.

కుడిగేరు
రఫీ గారూ, మూట కట్టి దాచమని చెప్పింది మీరే!

రాణీగంజ్_రఫీ
నేను అడగకూడదని చెప్పలేదు కదా.

ఎజ్డీ_ఏకాంబరం
నా దగ్గర 6 వోల్టుల హారను ఒకటి ఉంది, ఎజ్డీది. శబ్దం మాత్రం బుల్లెట్ కన్నా బాగుంటుంది. రేటు మెసేజిలో మాట్లాడదాం.